కుట్టేసిన జేబులు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటావిడ చుట్టాలందరి ముందూ అంటుంది. నేనూ నవ్వుతాను. కానీ ఒక గింజ ఇరవై ఆరేళ్లుగా నానుతూనే ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. అన్నం తినేటప్పుడు అడ్డం పడుతుంది, మాట్లాడబోతే గొంతులోకి జారుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

నిజానికి నన్ను రాయమన్నది ఇది కాదు. బీడీ ఎలా మానేశానో రాయమన్నారు. అడిగింది రజిత. గోదావరిఖనిలో మా కాలనీ పక్క బడిలో టీచరు. పొగాకు మానినవాళ్ల అనుభవాలన్నీ కలిపి పిల్లల కోసం చిన్న పుస్తకం చేస్తోందట. పోయిన వారం మా ఇంటికొచ్చి, ఎప్పటిలాగే తన కుడి చెవి నా వైపు ఉండేలా కుర్చీ చూసుకుని కూర్చుంది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. నాలుగు తెల్లకాగితాలు నా చేతిలో పెట్టింది.

"కాకా, మా నాయిన నా తలకాయ మీద ఒట్టేసి గుడ మానలేకపోయిండు. నువ్వు ఒక్కనాడే ఇడిశిపెట్టినవ్. ఎట్ల ఇడిశిపెట్టినవో గదే రాసియ్యి. పిల్లలకు పనికొస్తది."

నవ్వుతూనే అంది. తన తండ్రికి తనకంటే బీడీయే ఎక్కువైందన్న మాటను ఆ పిల్ల చిన్నప్పటి నుంచి మోసీ మోసీ నున్నగా చేసుకుంది, ఇప్పుడది ఆమెను గీరదు. నన్నే గీరుతుంది. సరే బిడ్డా, రాస్తానన్నాను.

ఆమె తండ్రి ఓదెలు. బాయిలో నా జోడీ. గనిని మేం బాయి అనే అంటాం. నాకంటే ఆరేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఇద్దరం ఒకే షిఫ్టు, పక్కపక్క క్వార్టర్లు. రోజుకు రెండు కట్టలు బీడీలు తాగే మనిషి, పిల్లకు దగ్గు తగ్గడం లేదని ఒకరోజు వదిన ముందు రజిత తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మళ్లీ ముట్టలేదు. ఆ మొదటి నెల ఆయన పడ్డ అవస్థ నేను దగ్గరుండి చూశాను. నోట్లో ఎప్పుడూ బెల్లంముక్కో పుట్నాలో ఉండేవి. పాన్‌డబ్బా ఎదురైతే రోడ్డుకు అవతలి పక్కకు పోయేవాడు. చేతులు ఊరికే ఉండలేక పురికొస ముడేస్తూ విప్పుతూ ఉండేవి. అన్నకు బెల్లం రోగం పట్టిందని నేను అందరిలో ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన ఇంకో ముక్క నోట్లో వేసుకునేవాడు.

నేను మానలేదు. పైన తాగడమే కాదు, బాయి లోపల కూడా తాగేవాణ్ణి. బయటివాళ్లకు ఇదెంత పెద్ద తప్పో తెలియకపోవచ్చు. లోపల గ్యాసు ఉంటుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు, షిఫ్టులో ఉన్నవాళ్లందరూ పోతారు. అందుకే దిగేముందు బాయి మీద ఒక్కొక్కరి ఒళ్లూ జేబులూ తడిమి చూస్తారు. బీడీ గానీ అగ్గిపెట్టె గానీ దొరికితే ఉద్యోగం మీదికి వస్తుంది. ఇదంతా తెలిసీ, మధ్యాహ్నం సద్ది తిన్నాక పని అయిపోయిన పాత గ్యాలరీ సొరంగం మూలకు పోయి ఒక్క బీడీ తాగనిదే నాకు బుద్ధి పనిచేసేది కాదు.

మరి తనిఖీ దాటించేది ఎలా?

ఇక్కడే ఉంది నా పాపం. తనిఖీ చేసే అతను మా కాలనీవాడే. ఓదెలన్న ఒట్టు సంగతి అతనికి తెలుసు. ఆయన వచ్చినప్పుడు భుజం మీద ఒక చెయ్యి వేసి, పో అన్నా అనేవాడు. తడిమి చూడటం అవమానమన్నట్టు. నేనది చూశాను. మా ఇద్దరి డ్యూటీ అంగీలు ఒకే టైలరు కుట్టాడు, మందపు గుడ్డ, లోపలి వైపు చిన్న జేబు. ఆ జేబు ఆయన వాడేవాడే కాదు. బట్టలు మార్చుకునే గదిలో ఆయన అంగీ మేకుకు వేలాడుతున్నప్పుడు, మూడు బీడీలు, నాలుగు పుల్లలు, అగ్గిపెట్టె పక్క చించిన ముక్క, అన్నీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, దారంతో కట్టి అందులో వేసేవాణ్ణి. లోపల ఉక్కకు ఆయన అంగీ విప్పి పక్కన పెట్టగానే తీసుకునేవాణ్ణి. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, దాదాపు ఐదు నెలలు. ఒక మనిషి తన బిడ్డ మీద వేసిన ఒట్టును నేను సంచిలా వాడుకున్నాను. అప్పుడది నాకు తెలివిగా అనిపించింది. లోలోపల నవ్వుకునేవాణ్ణి కూడా.

ఒక ఉదయం మొదటి షిఫ్టుకు తనిఖీకి కొత్త మనుషులు వచ్చారు. ఎవరి ఒట్టూ తెలియనివాళ్లు. నేను ఓదెలన్న వెనకే వరసలో ఉన్నాను. వాళ్ల చెయ్యి ఆయన అంగీ లోపలికి పోవడం చూశాను. పొట్లం బయటికి వచ్చింది. అది తనది కాదన్నట్టు కూడా చూడలేదు ఆయన. అసలేంటో తెలియనట్టు చూశాడు. తర్వాత దారం వైపు చూశాడు. ఆ ముడి నాది. నేను రెండుసార్లు తిప్పి వేస్తాను, పక్కన కూర్చుని సద్ది మూట విప్పే మనిషికి తెలియని ముడి కాదు. అప్పుడు నేను గొంతెత్తాలి. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

ఆయన్ని ఇంటికి పంపేశారు, చార్జిషీటు ఇచ్చారు. సాయంత్రం వాళ్ల ఇంటికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. చెబుదామనా? చూద్దామనా? వదిన లోపల ఏడుస్తోంది. ఆయన గడప మీద కూర్చుని, రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"అరేయ్, నిజం జెప్పు. నేనే మతి లేక పెట్టుకున్ననంటవా?"

"ఏమో అన్నా. ఏండ్ల అలవాటు గదా. చెయ్యి దానంతటదే పోతది."

"నాకు యాదికి లేదురా."

"అలవాటుకు యాది ఉంటదా అన్నా?"

ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. తర్వాత తల ఊపాడు. అంతే.

పొట్లం పెట్టడం కంటే ఇది పెద్ద తప్పు. పొట్లం భయంతో, ఆశతో పెట్టాను. ఈ మాట మాత్రం ఆలోచించి అన్నాను. ఒక మనిషికి తన చేతి మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. కాలనీలో అందరూ ఉండగా ఆయన నన్నే ఎందుకు అడిగాడు? ఆ ముడి గుర్తుపట్టే అడిగాడా? అది ప్రశ్న కాదేమో, నాకు ఇచ్చిన ఒక అవకాశమేమో.

ఉద్యోగం పోలేదు గానీ, అప్పటి నుంచి ఆయన తన చేతులకు భయపడ్డాడు. కూర్చుంటే వాటిని తొడల కింద పెట్టుకునేవాడు. బజారుకు పోతే ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకుని నడిచేవాడు. తానే అడిగి, వదినతో అన్ని అంగీల జేబులూ కుట్టించుకున్నాడు. లోపలివీ, పైవీ. దండెం మీద ఆరేసిన ఆ అంగీలను మా వాకిట్లోంచి చూసేవాణ్ణి. మూతులు కుట్టేసిన జేబులు.

నెల తిరగకముందే రజితకు జ్వరం వచ్చింది. మెదడుకు పాకిందన్నారు. దవాఖానలో పదకొండు రోజులు ఉంది. బతికింది గానీ ఎడమ చెవి పోయింది. "అయ్య ఒట్టు తప్పిండు, బిడ్డ చెవి వాయె" అని వదిన దవాఖాన వరండాలో అందరికీ వినపడేటట్టు అంది. ఓదెలన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. జ్వరాలు ఒట్ల వల్ల రావని నాకూ తెలుసు. కానీ అక్కడ నిలబడినప్పుడు తెలియలేదు. తప్పు ఎవరిదో ఆ జ్వరానికి తెలుసు, అయినా పిల్లనే పట్టింది అనిపించింది.

ఆ రోజే నేను బీడీ మానేశాను. రజితకు కావలసిన అనుభవం ఇదిగో. దవాఖాన గేటు బయటికి వచ్చి, బీడీ కోసం అంగీ జేబులో చెయ్యి పెట్టాను. మంచి ఎండ, ముందు ఆటోలు, చాయ్ బండి, మనుషులు. జేబులో నా వేళ్లను ఎవరో పట్టుకున్నారు. చిన్న వేళ్లు. కాలిపోతున్నాయి. గట్టిగా కాదు, జ్వరంలో పిల్లలు పట్టుకుంటారే, అలా. నేను అరవలేదు. చెయ్యి బయటికి లాగలేదు కూడా. ఎంతసేపు ఉన్నానో తెలియదు, చాయ్ బండి అతను ఏంది కాకా అనేదాకా. తీసి చూస్తే చేతిలో బీడీ కట్ట ఉంది, చెమటతో తడిసిపోయి. అక్కడే పారేశాను.

పొగాకు మానేటప్పుడు నరాలు అలాంటి ఆటలు ఆడతాయంటారు. కావచ్చు. నేనప్పటికి మానలేదు కదా మరి? ఆ వేళ్లు ఆ తర్వాత ఎన్నో నెలలు, కోరిక పుట్టిన ప్రతిసారీ వచ్చాయి. కోరిక చచ్చిపోయాక కూడా ఒక్కోసారి వస్తాయి. అందరూ నా మనోబలాన్ని మెచ్చుకున్నారు. ఒకసారి కాలనీలో శాలువా కూడా కప్పారు. ముందు వరసలో ఓదెలన్న చప్పట్లు కొట్టాడు, ఆ చేతులతోనే.

ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఊపిరితిత్తులు. బీడీ వల్లే అన్నారు, బాయి దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే పిట్టలు ముట్టాలి, ముట్టకపోతే ఏదో మిగిలిపోయిందని మా దగ్గర నమ్మకం. అన్నం, కోడికూర, కల్లు, బెల్లం పెట్టారు. చివరికి వదిన ఒక బీడీ కట్ట తెచ్చి మీద పెట్టింది. "దీనికోసమే గదా బిడ్డను కాదన్నడు. తాగనీ" అంది. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఒక్కటీ అరవలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అందరూ దండాలు పెట్టారు, ఏవేవో మొక్కారు. ఏం అడ్డమో అక్కడున్న వాళ్లలో నా ఒక్కడికే తెలుసు. విస్తరి సర్దుతున్నట్టు వంగి ఆ కట్ట తీసి నా జేబులో వేసుకున్నాను. నేను నాలుగడుగులు వెనక్కి వేయకముందే కాకులన్నీ ఒక్కసారి దిగాయి. మందికి భయపడ్డాయిలే అన్నారు పెద్దలు. నాకు మాత్రం ఆయన తనది కానిదాన్ని ఇన్నాళ్లకు నాకు తిరిగి ఇచ్చాడనిపించింది.

ఆ కట్ట నా దగ్గరే ఉంది. ఇనప్పెట్టెలో, పాత బట్టల కింద. ఎవరూ వెలిగించలేదు. కానీ పొద్దున మొదటి షిఫ్టు సైరను కూయగానే మా ఇంట్లో బీడీ వాసన వస్తుంది. అప్పుడే ముట్టించిన బీడీది. నేను రిటైరై రెండేళ్లు దాటింది, మా లైన్లో తాగేవాళ్లు లేరు. మా ఆవిడకు రాదు ఆ వాసన. నీ ముక్కుకే పాత ప్రేమ ఇంకా తగ్గలేదని ఎగతాళి చేస్తుంది.

వదిన కూడా పోయిన ఏడు పోయింది, ఆయన మీద కోపంతోనే. ఆమెకు ఇక నేను చెప్పలేను. ఒకసారి రజితకు చెప్పాననే అనుకోవాలి. ఒక పెళ్లి భోజనాల్లో పక్కపక్కన కూర్చున్నాం, నేను ఆమె ఎడమ వైపు. "మీ నాయిన తాగలేదు బిడ్డా, నేనే పెట్టిన" అన్నాను, మెల్లగా, ఆ వినపడని చెవిలో. ఏమన్నవ్ కాకా అని తిరిగింది. ఏం లేదు, కూర బాగుందన్నాను. అంత పిరికివాణ్ణి. వినపడదని తెలిసే ఆ పక్కన కూర్చున్నానా? అవును. కూర్చున్నాను.

కాగితానికి కుడి చెవి, ఎడమ చెవి ఉండవు. అందుకే ఇది రాశాను. క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆ పిల్ల క్షమిస్తుందేమోనని భయం, అలాంటి మనిషి కొంగు పట్టుకుని తప్పించుకోవడం కూడా ఇంకో దొంగతనమే. తేలికైందా అంటే, కొంచెం అయింది. అయినందుకు సిగ్గుగా ఉంది.

రజితా, మీ నాయిన బీడీ ముట్టలేదు. నీ తల మీద పెట్టిన చెయ్యి ఎన్నడూ తప్పు చేయలేదు. తప్పు చేసిన చెయ్యి ఇది, ఈ అక్షరాలు రాస్తున్నది.

బడి వదిలారు. మా గేటు గడియ చప్పుడవుతోంది, కాగితాల కోసం రజిత వచ్చింది. నా ఎడమ చెయ్యి ఎప్పుడు పోయిందో జేబులోకి పోయింది. లోపల ఆ చిన్న వేళ్లు వేడిగా ఉన్నాయి, వదలడం లేదు. ఇక కలం పెట్టేసి, ఈ చేత్తో నా కుర్చీని ఆమె కుడి చెవి పక్కకు జరుపుతాను.