మడుగులో మూడు వందల మట్టలు

మా మేనమామ తాళ్ళు పేనేవాడు. గూడూరు దగ్గరి కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి నాలుగు మైళ్ళ ఇవతల మా ఊరు. ఆ ఇసుక నేలలో వరి పండించాలంటే దేవుడితోనూ కాలువతోనూ బతిమాలాడుకోవాలి. కిత్తనార మాత్రం ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే గట్ల వెంబడి బారులు తీరి పెరిగేది. ఒక్కొక్క మట్ట నా నడుమెత్తు, కొసన దబ్బనమంత ముల్లు. ఆ మట్టల్ని కోసి, చితగ్గొట్టి, పది రోజులు నీళ్ళలో నానబెట్టి, చెక్కతో గీకితే తెల్లటి నార వస్తుంది. ఆ నారతో మామ పేనిన మోకు బావికి కడితే రెండేళ్ళు చూసుకోనక్కర లేదు.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు ఆ తరువాత నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇది జరిగింది అరవైల మొదట్లో. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మామ దగ్గర కోయడం, నానబెట్టడం నా పనే అయినా, నాకు ఇష్టమైనది తూచడం. మూడు మట్టలు రెండు వీశెలు తూగుతాయి. నూరు వీశెల మట్టకు నాలుగు వీశెల నార వస్తుంది. పదకొండుసార్లు తూచాను, పదకొండుసార్లూ నాలుగుకు కాస్త అటూ ఇటూ. మిగతా తొంభై ఆరు వీశెలు ఎక్కడికి పోతున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు.

మాది ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం. నుదుట నీళ్ళు చల్లితే చాలదు, తల మునగాలి. ఊరి కాలువ మలుపులో ఒక మడుగు ఉండేది. చుట్టుపక్కల లోతున్న మంచినీళ్ళు అవొక్కటే. ఏడాదికి ఒకసారి పాస్టరుగారు అందులోనే బాప్తిస్మాలు ఇచ్చేవారు. మామ ఏడుసార్లు పేరు ఇచ్చి, ఏడుసార్లూ మడుగు గట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. ఒకసారి కాలికి ముల్లు గుచ్చుకున్నదన్నాడు. ఒకసారి తుమ్ము వచ్చిందన్నాడు. ఒకసారి ఏమీ అనకుండానే ఇంటికి నడిచాడు.

అత్త పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకున్న మనిషి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేరిట రొట్టె పంచుకోవడం. బాప్తిస్మం లేనివాళ్ళకు రొట్టె ఇవ్వరు. పళ్ళెం మగవాళ్ళ వరసలో చేతులు మారుతూ వచ్చి, మామ దగ్గరికి రాగానే ఆయన తలమీదుగా అవతలి మనిషికి పోయేది. ఆడవాళ్ళ వైపు నుంచి అత్త దాన్ని చూసేది. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో కూర ఎట్లా ఉన్నా ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు.

ఎనిమిదోసారి మామ ఒక షరతు పెట్టాడు.

"ఈసారీ పేరిస్తా. గట్టు మీదికొచ్చినాక ఏ కారణం చేతనైనా వెనక్కి తిరిగితే, ఇంక బతికినన్నాళ్ళూ నన్ను అడగబాకు."

"కారణమే లేకుండా నేను చూసుకుంటా," అన్నది అత్త.

చూసుకున్నది కూడా. రోజూ పొద్దున్నే ఆయన అరికాళ్ళు తిప్పి ముల్లేమైనా ఉందేమోనని వెతికేది. జలుబు చేసినవాళ్ళను వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేది. కారణం తన మొగుడి మేనల్లుడి రూపంలో ఇంట్లోనే అన్నం తింటున్నదని ఆమెకు తెలియదు.

బాప్తిస్మానికి రెండు వారాల ముందు మామ మోకుల బండి తోలుకొని గూడూరు వెళ్ళాడు. వెళుతూ, "ఒరే అల్లుడా, మూడొందల మట్టలు కోసి నానెయ్యి. నేనొచ్చేసరికి నారై ఉండాల," అన్నాడు. ఎక్కడ నానబెట్టాలో చెప్పలేదు. మేము ఎప్పుడూ నానబెట్టే గుంట ఆ ఏడు ఎండిపోయింది. పశువులు తాగే కుంటలో వేద్దామని పోతే గొల్లలు కర్రలు ఎత్తారు. ఇక మిగిలింది మడుగు.

నేను ఆలోచించకుండా చేసిన పని కాదిది. పది రోజులు నానబెట్టి, బుధవారం నాటికి మట్టలన్నీ తీసేశాను. ఆదివారం బాప్తిస్మం. మడుగు ముప్పై అడుగుల పొడుగు, పద్దెనిమిది వెడల్పు, నాలుగు లోతు. రెండు వేల నూట అరవై ఘనపుటడుగులు. కాలువలో గడ్డిపరక వదిలి, అది పోయే వేగం చూసి, గంటకు తొంభై ఘనపుటడుగుల కొత్త నీరు వస్తున్నదని తేల్చాను. అంటే సరిగ్గా ఇరవై నాలుగు గంటల్లో మడుగంతా మారిపోతుంది. గురు, శుక్ర, శనివారాల్లో మూడుసార్లు మారుతుంది. ఆ కాగితం చూసుకొని హాయిగా నిద్రపోయాను.

ప్రతి వారం గురువారం నుంచి శనివారం దాకా కాలువ నీళ్ళు ఎగువనున్న ఊరివాళ్ళ వంతు. ఆ మూడు రోజులూ మా వైపు అడ్డుకట్ట వేస్తారు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా కాలువ నా కాగితం మీద మాత్రం ఆగకుండా పారింది.

శనివారం సాయంత్రం మామ వచ్చాడు.

"నానేసినావా?"

"నానేసి, గీకి, ఆరేసినా మామా. ఎనిమిది వీశెలు."

"మంచిది," అన్నాడు. ఆయన మనసు అప్పటికే మరుసటి రోజు మీద ఉంది.

ఆదివారం పొద్దున సంఘమంతా గట్టు మీద చేరింది. అయిదుగురు బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు, మామ చివరివాడు. పాస్టరుగారు తెల్లటి అంగీతో మడుగులోకి దిగి చేత్తో నీళ్ళు కదిపారు. నురగ లేచింది. ఇంకొంచెం కదిపారు. ఇంకా లేచింది.

"అయ్యగారూ, నీళ్ళల్లో సబ్బేసినారా?" అని ఒక ముసలామె అడిగింది.

"లేదమ్మా. ప్రార్థనలో ఉండు."

మొదట బండి తోలే ఆయన మునిగి లేచాడు. గట్టెక్కి, పాట రెండో చరణానికి వచ్చేలోపల మెడ గోకడం మొదలుపెట్టాడు. మూడో చరణానికి రెండు చేతులూ చాలలేదు.

"ఏం బావా, పాపం అప్పుడే రాలతా ఉందా?" అన్నాడు పక్కనున్నవాడు.

"రాలతా ఉండేది పాపం కాదురా, తోలు."

పాస్టరుగారు నీళ్ళలో ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటున్నారు. మొదటి బాప్తిస్మానికి మూడు నిమిషాలు పట్టింది. రెండోదానికి రెండు. నాలుగోది నిమిషం లోపలే ముగిసింది. నేను లెక్క పెట్టకుండా ఉండలేకపోయాను.

ఆ దురద ఏమిటో ఏడాది తరువాత మిషను ఆస్పత్రి కాంపౌండరు ఒకాయన నాకు చూపించాడు. కిత్తనార రసం ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. కట్టలు కట్టలుగా సూదులు. ఒక కట్టలో నలభై దాకా లెక్కపెట్టి, కన్ను నీళ్ళు కారితే మానేశాను. చేమదుంప తింటే గొంతులో గుచ్చేవీ ఇటువంటి సూదులేనట. నురగ మరో పదార్థం వల్లనట. దానికి దగ్గరి పదార్థాల నుంచి కీళ్ళ వాపు మందులు చేయవచ్చని చెప్పాడు. మేకలొస్తే పరుగెత్తలేని చెట్టు, బయట ముల్లు, లోపల సూదులు, చేదు అన్నీ పెట్టుకొని కూర్చున్నది. మనిషి దాని నుంచి నాలుగు పాళ్ళు తీసుకొని తక్కిన తొంభై ఆరు పాళ్ళు లేనట్టే ఉంటాడు. మూడు వందల మట్టలంటే రెండు వందల వీశెలు. ఎనిమిది వీశెలు మా దండెం మీద ఆరుతున్నాయి. నూట తొంభై రెండు వీశెల లోంచి, గీకి పారేసిన పిప్పి పోగా, రసమంతా ఆ రోజు పాస్టరుగారి చుట్టూ ఉంది.

మామ వంతు వచ్చింది. నీటి అంచున వంగి, దోసెడు నీళ్ళు తీసి వాసన చూశాడు. తరువాత తల తిప్పి నన్ను వెతికాడు.

"ఒరే అల్లుడా. యాడ నానేసినావు?"

నేను మడుగు వైపు చూశాను.

"ఎప్పుడు తీసినావు?"

"బుధవారం మామా. మూడు రోజుల్లో నీళ్ళు మారిపోతయ్యని…"

"గురువారం నుంచి ఎవరి వంతు?"

పాట ఆగింది. అందరూ గోక్కుంటూ మా వైపు చూస్తున్నారు. అత్త ముందుకు వచ్చింది. నురగనూ, నన్నూ, మొగుణ్ణీ వరసగా చూసింది. ఏడేళ్ళుగా ఆయన వెతుకుతున్న సిసలైన కారణం కళ్ళ ముందు తెల్లగా పొంగుతున్నది.

"ఏమయ్యా," అన్నది మెల్లగా. "తిరిగొస్తే రా. నేనేం అనను. ఇది సాకు కాదని నాకూ కనపడతా ఉంది."

మామ దోసిట్లో నీళ్ళు తిరిగి మడుగులోకే వదిలాడు.

"ఏడుసార్లు ఎందుకు తిరిగొచ్చినానో తెలుసా మే నీకు? అడుగు కనపడదు. ఆ నీళ్ళల్లో ఏముండాదో తెలవదు. అందుకని కాళ్ళు ఒణికినయ్యి. ఇయ్యాల ఏముండాదో తెలుసు. ఇది నా మట్టల రసం. ఇరవై ఏళ్ళుగా మోచేతుల దాకా దీంట్లోనే ఉండా." పంచె ఎగగట్టి దిగాడు.

"త్వరగా రా, పెద్దాయనా," అన్నారు పాస్టరుగారు. బాప్తిస్మపు క్రమంలో ఆ మాట లేదు.

మామ మునిగి లేచాడు. అందరం స్తోత్రం చెప్పాం. గట్టెక్కిన తరువాత తెలిసిందేమంటే, రసానికి అలవాటు పడింది ఆయన మోచేతుల దాకానే. నా అంచనాలో అది ఒంటిలో పదో వంతు. మిగతా తొమ్మిది వంతులు అందరి తోలులాంటి తోలే. చిందులు వేస్తూ, చొక్కా విప్పి, సరుగుడు చెట్టుకు వీపు రుద్దుకున్నాడు.

"చేమదుంపకు చింతపండు ఎందుకేస్తారు? రాండి అందరూ," అన్నది అత్త. ఆ రోజు సంఘం విందుకు చేపల పులుసు కోసం నానబెట్టిన చింతపండు కుండ తెచ్చి, మొదట పాస్టరుగారికి, తరువాత వరసగా అందరికీ పూసింది. మామకు తానే చెవుల వెనక దాకా రుద్దింది. దురద సగానికి తగ్గింది. పులుసు మాత్రం వేడినీళ్ళలో చేపలు ఈదినట్టు ఉంది. ఆ పులుసు గురించి ఊళ్ళో నన్ను ఆరేళ్ళు అడిగారు.

భోజనాలకు ముందు ప్రభువు బల్ల జరిగింది. ఒంటినిండా చింతపండు మరకలతో పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆ ఒక్కసారికి ప్రార్థన కురచగా ఉన్నందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. పళ్ళెం మగవాళ్ళ వరసలో బయలుదేరింది. రుద్ది రుద్ది రసం అంటుకొని అత్త చేతులకూ దురద పట్టింది. ఆడవాళ్ళ వైపు కూర్చొని ఒక మణికట్టుతో ఇంకో మణికట్టు రాచుకుంటున్నది. పళ్ళెం మామ దగ్గరికి వచ్చింది. అత్త చేతులు ఆగిపోయాయి. మామ కుడిచేత్తో రొట్టె తుంచుకొని, ఎడమచేత్తో మెడ గోక్కుంటూ, పళ్ళెం పక్క మనిషికి అందించాడు. అది పూర్తిగా ఆయన చేయి దాటేదాకా చూసి, అత్త మళ్ళీ గోక్కోవడం మొదలుపెట్టింది.