పేరు లేని కత్తి

నా చిన్నప్పుడు మేం టొరంటో పక్కన స్కార్‌బరోలో, ఒకదానికొకటి ఆనుకున్నట్టుండే ఇళ్ల వీధిలో ఉండేవాళ్లం. ఆ చుట్టుపక్కల అప్పటికి తెలుగువాళ్లు అంతగా లేరు. నాన్న ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. నేను ఐదో తరగతిలో ఉండగా కాకినాడ నుంచి మా తాతయ్య వచ్చి మాతోనే ఉండిపోయారు. ఆయన సామానులో బట్టలకంటే జాగ్రత్తగా సర్దుకున్నది దుప్పటిలో చుట్టిన ఒక పొడవాటి జపాను కత్తి. కస్టమ్స్ వాళ్లకు దాని కథంతా చెప్పి ఒప్పించి మరీ తెచ్చుకున్నారు.

తాతయ్య డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంతో బర్మా వెళ్లారు. యుద్ధం ముగిసి జపాను సైన్యం లొంగిపోయిన రోజున వాళ్ల ఆఫీసర్లు వరసగా వచ్చి తమ కత్తులు బల్ల మీద పెట్టారట. తరవాత వాటిని మన వైపు ఆఫీసర్లకు తలా ఒకటి ఇచ్చారు. తాతయ్యకు దక్కిన కత్తిని అక్కడ పెట్టిన మనిషి కాస్త వయసు మళ్లినవాడట. కత్తిని బల్ల మీద పెట్టాడు కానీ, దాని మీద నుంచి చెయ్యి చాలాసేపు తీయలేకపోయాడట. ఆ చెయ్యిని తాతయ్య మరచిపోలేదు. అంతగా వదల్లేకపోయాడంటే అది మామూలు కత్తి అయి ఉండదని ఆయన నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఒక శనివారం కత్తినీ నన్నూ వెంటబెట్టుకుని, బస్సూ సబ్‌వే మారి, డౌన్‌టౌన్‌లో పాత ఆయుధాలు అమ్మే దుకాణానికి వెళ్లారు. దుకాణదారు మర్యాదస్తుడే. ఒర మీది తోలు తొడుగు చూశాడు, ఇత్తడి పిడి చూశాడు. వెదురు చీల తీసి పిడి ఊడదీసి, లోపల దాగి ఉండే ఇనుప భాగాన్ని టార్చిలైటు వేసి వెతికాడు. చేసినవాడి పేరు అక్కడే చెక్కి ఉంటుందట. పేరు లేదు. ఇది యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో గుట్టలుగా చేసిన రకమని, పైగా పేరు కూడా లేదని, గోడకు తగిలించుకుంటే బాగుంటుందని చెప్పాడు. తిరుగు ప్రయాణంలో తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

గోడకే తగిలించాలంటే కనీసం తళతళలాడాలి కదా అనుకున్నారేమో, మర్నాడు చర్చి నుంచి వచ్చాక పెరట్లో స్టూలు వేసుకుని, పళ్లెంలో చింతపండు నానబెట్టుకుని, పక్కన గరుకు కాగితం పెట్టుకుని కూర్చున్నారు. పిడి ఊడదీశారు. లోపలి భాగమంతా నల్లగా తుప్పు పట్టి ఉంది. ముందు దాని పని పడదామని మొదలుపెట్టబోయారు.

అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "మావయ్యగారూ, ఆ చింతపండు పులుసుకి దాచుకున్నానండీ. మళ్లీ దొరకాలంటే డౌన్‌టౌన్ దాకా పోవాలి," అంది.

"కొంచెమే తీశానమ్మా," అన్నారు తాతయ్య.

సరిగ్గా అప్పుడే కంచె అవతలి నుంచి ఒక కేక వినబడింది. పక్కింటి ఆంటీ. మా కుటుంబం ఆ ఇంట్లో దిగినప్పటి నుంచి ఆవిడ మాతో మాట్లాడింది చాలా తక్కువ. కనబడితే తల వంచి పలకరించడం, చలికాలంలో మా మెట్ల మీద మంచు కూడా తీసి చెప్పకుండా వెళ్లిపోవడం, అంతే. జపాను మనిషి అని మాత్రం తెలుసు. అలాంటి మనిషి చేతిలో నీళ్ల పైపు పారేసి, చెప్పులు కూడా లేకుండా మా గేటు తోసుకుని వచ్చేశారు.

"డాక్టర్, ప్లీజ్, ఆపండి," అన్నారు ఇంగ్లీషులో. "ఆ తుప్పు తీయకండి. దాని వయసు చెప్పేది అదే."

తాతయ్య చింతపండు చేత్తో అలాగే ఉండిపోయారు. ఆవిడ వంగి ఆ నల్లటి భాగాన్ని చూశారు. ముట్టుకోలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే ముఖం మారిపోయింది. ఇది మీకు ఎక్కడిదని అడిగారు. తాతయ్య దాచలేదు, బర్మా సంగతి చెప్పారు. ఆవిడ నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

తాతయ్య ఆ పూట సరిగా భోంచేయలేదు. గుచ్చుకునే మాట ఏదో అనేశానని ఆయన బాధ. అసలు సంగతి రెండు రోజుల తరవాత ఆవిడే వచ్చి చెప్పారు. ఆవిడ పుట్టింది, పెరిగింది ఈ దేశంలోనే, పశ్చిమ తీరంలో చేపలు పట్టే ఊళ్లో. యుద్ధం వచ్చినప్పుడు శత్రుదేశం మనుషులని అనుమానించి ప్రభుత్వం జపాను వాళ్లందరినీ అక్కడి నుంచి ఖాళీ చేయించింది. పడవ పోయింది, ఇల్లు పోయింది. తరతరాలుగా తమ ఇంట్లో ఉన్న రెండు కత్తులనూ పోలీసులు పట్టుకెళ్లారు. వాళ్ల నాన్నగారు పోయేదాకా వాటి కోసం అడుగుతూనే ఉన్నారట. వాటిని ఎలా తుడవాలో, ఎలా చూడాలో చిన్నప్పుడు ఆయనే ఆవిడకు నేర్పారు.

"ఆ రోజు నాకు కోపం మీ మీద కాదు, డాక్టర్. చాలా ఏళ్ల తరవాత చూశాను, తట్టుకోలేకపోయాను," అన్నారు. చేతిలో కత్తులు తుడిచే సామాను పెట్టుకునే చిన్న చెక్కపెట్టె ఉంది. కత్తులు పోయినా ఆ పెట్టె ఆవిడ దగ్గర మిగిలిపోయింది.

ఆ వేసవంతా ఆదివారం మధ్యాహ్నాలు మా భోజనాల బల్ల మీద బడి నడిచింది. కత్తిని ఒరలోంచి తీసేటప్పుడు పదును పైకి ఉండాలి, లేకపోతే అంచు ఒరకు రాసుకుంటుంది. వేలితో ముట్టుకోకూడదు, చెమట మరకై కూర్చుంటుంది. కత్తి ముందు మాట్లాడకూడదు, తుంపర పడితే అక్కడ తుప్పు లేస్తుంది. వాగుడుకాయనైన నాకు అన్నిటికంటే కష్టమైనది అదే. మెత్తటి కాగితంతో పాత నూనె తుడిచి, పొట్లంలాంటి దాంతో తెల్లటి పొడి అద్ది, మళ్లీ తుడిచి, పలచగా కొత్త నూనె రాసేవారు. ఆ నూనెలో లవంగం వాసన వచ్చేది. పంటినొప్పికి వాడేది కత్తికీ పనికొచ్చిందా అని తాతయ్య నవ్వారు. కత్తి మీద అక్కడక్కడా ఉన్న మచ్చల జోలికి మాత్రం ఆవిడ వెళ్లలేదు. అది ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లు చేయాల్సిన పని, మనం ముదరకుండా చూసుకుంటే చాలు అన్నారు.

ఒకరోజు నేను, "ఆంటీ, ఇందులో పేరే లేదు కదా, మరి ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"పేరు చివర చదవాలి," అన్నారు ఆవిడ. "పేరు ఎవరైనా చెక్కొచ్చు, దొంగ పేరు కూడా చెక్కొచ్చు. ముందు నిలబెట్టి ఒంపు చూడు. తరవాత ఇనుము చూడు."

దీపం కింద కత్తిని కొద్దికొద్దిగా వంచారు. అప్పటిదాకా నాకు మామూలు ఇనుములా కనబడినదాంట్లో కలపలో ఉండేలాంటి సన్నటి చారలు తేలాయి. అంచు పొడవునా తెల్లటి పొగమంచులాంటి గీత ఒకటి, అలలు అలలుగా. యంత్రం మీద చేస్తే ఇలా రాదట. తరవాత పిడిలో దాగే భాగం చూపించారు. అక్కడ ఒకటి కాదు, రెండు రంధ్రాలున్నాయి. ఈ కత్తి మొదట ఇంకా పొడవుగా ఉండేదని, ఏ కాలంలోనో ఎవరో నడుముకు అనువుగా కింది నుంచి కోసి పొట్టి చేశారని, అప్పుడు కొత్త రంధ్రం వేశారని చెప్పారు. పేరు ఉండి ఉంటే ఆ కోసేసిన ముక్కతోనే పోయి ఉంటుంది. తోలు ఒర, ఇత్తడి పిడి యుద్ధానికి వెళ్లేటప్పుడు తొడిగిన కొత్త బట్టల్లాంటివి. లోపలున్నది వేరు.

తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతా విన్నాక, ఆయన గొంతు తగ్గించి, "అయితే అది ఆ ఆఫీసరు తాతలనాటి కత్తి అన్నమాట," అన్నారు.

ఆకులు రాలే రోజుల్లో జపాను నుంచి కత్తుల పరీక్షకులు టొరంటో వచ్చారు. ఒక పెద్ద హాల్లో ఎవరి కత్తి వాళ్లు తెచ్చి చూపించుకోవచ్చు. మేం ముగ్గురం వెళ్లాం. ఆంటీ పాతదైనా ఇస్త్రీ చేసిన కిమోనో కట్టుకున్నారు. తాతయ్య సూటు వేసుకుని, వరసలో నిలబడినంతసేపూ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకున్నారు. మా ముందు చాలామంది తమ కత్తి నకిలీదని విని ముఖాలు వేలాడేసుకుని వెళ్లారు. డౌన్‌టౌన్ దుకాణదారు కూడా అక్కడే ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి పలకరించాడు.

బల్ల వెనక ముగ్గురు ముసలాయనలు. ఆంటీ కత్తికి తల వంచి నమస్కరించి, పదును పైకి పెట్టి ఒరలోంచి తీశారు. మొదటాయన నిలబెట్టి చూసి రెండో ఆయనకు ఇచ్చారు. ఆయన దీపం కింద తిప్పితిప్పి మూడో ఆయనకు ఇచ్చారు. మూడో ఆయన పిడి ఊడదీసి ఆ నల్లటి తుప్పును చూసి చాలాసేపు ఆగారు. తరవాత ముగ్గురూ ఏదో మాట్లాడుకుని ఒకేసారి తలాడించారు.

దుబాసీ కుర్రాడు నిలబడి చెప్పాడు. కత్తి అసలైనది. ఫ్యాక్టరీలు పుట్టకముందు, దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట చేసినది. పొట్టి చేసిన మాట నిజం. ఇంత కాలమైనా లోపలి భాగాన్ని ఎవరూ గీకకుండా కాపాడినందుకు పరీక్షకులు కృతజ్ఞతలు చెబుతున్నారు.

నేను తాతయ్య కోటు పట్టుకుని గెంతాను. వెనక వరసలోవాళ్లు చప్పట్లు కొట్టారు. దుకాణదారు ముందుకొచ్చి, "సర్, నేను పొరబడ్డాను. ఇంకొక్కసారి చూడనిస్తారా?" అన్నాడు. తాతయ్య సంతోషంగా చూడనిచ్చారు.

ఆ తరవాత ఆయన చేసిన పని ఇంట్లో ఎవరికీ ముందు చెప్పలేదు. కత్తిని ఒరలో పెట్టించి, రెండు చేతుల మీదా పట్టుకుని ఆంటీ ముందు నిలబడ్డారు. మిలటరీలో నిలబడినట్టు, నిటారుగా.

"ఇది మీ దగ్గరుండాలి," అన్నారు.

ఆవిడ వెనక్కి తగ్గారు. "ఇది మా ఇంటిది కాదు, డాక్టర్."

"మాదీ కాదమ్మా. ఇచ్చినాయన పేరు కూడా నేను అడగలేదు. ఎలా చూసుకోవాలో తెలిసినవాళ్ల దగ్గరుంటే ఆయన మనసు కుదుటపడుతుంది."

ఆంటీ నడుము దాకా వంగి, రెండు చేతులూ చాచి అందుకుని, కత్తిని నుదుటి ఎత్తుకు లేపారు. బల్ల వెనక ముసలాయనలు ముగ్గురూ లేచి నిలబడ్డారు. వాళ్లను చూసి తక్కినవాళ్లూ లేచారు. ఆంటీ ఏడుస్తూనే నవ్వారు. ఆవిడ పళ్లు కనబడేలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఇంటికి బస్సులోనే వచ్చాం. ఆంటీ కత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కన తాతయ్య దానికి కాపలా కూర్చున్నట్టున్నారు. ఇద్దరూ దారి పొడవునా కబుర్లే. ఒకరు పడవల గురించి, ఒకరు కాకినాడ రేవు గురించి.

నేను పెద్దయ్యాక ఇక్కడే టీచర్‌నై, రిటైరయ్యేదాకా అదే పని చేశాను. ఏటా కొత్త పిల్లలు వచ్చేవాళ్లు, వాళ్లకంటే ముందు వాళ్ల ఫైళ్లు వచ్చేవి: వెనకబడ్డాడు, అల్లరిది, భాష రాదు. వాటిని నేను సొరుగులో పెట్టేసి, కొన్నాళ్లు ఆ పిల్లల్నే చూసేదాన్ని. ఎలా కూర్చుంటారు, దేనికి నవ్వుతారు, ఏ లెక్క దగ్గర కళ్లు మెరుస్తాయి. ఫైలు చివర చదివేదాన్ని. అందులో రాసినదానికంటే పిల్లలు ఎప్పుడూ పెద్దగానే కనబడేవాళ్లు. మొన్న మాల్‌కి వెళ్తే ఒక పొడుగాటి మనిషి ఎదురొచ్చి, "మిస్, నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు. పేరు చెప్పబోతుంటే ఆగమన్నాను. ముందు ఆ ముఖాన్ని తీరిగ్గా, తనివితీరా చూసుకున్నాను.