దిక్సూచి కింద ఇనుము

సూర్ రేవులో మర్హూన్ ఎక్కడని అడిగితే, "ఏ మర్హూన్? కునుకు మర్హూనా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. మా ఊరి నోటికి మూత లేదు. ఒకప్పుడు పెద్ద ఓడలకు చుక్కాని పట్టిన మనిషి, ఇప్పుడు ఒడ్డుకు లాగిన పడవల దగ్గర కూర్చుని, నీళ్ళు చొరకుండా పలకల సందుల్లో నూనెలో తడిపిన దూది కూరుతుంటాడు. "నేను నిద్రపోలేదు" అన్న ఒక్క మాట తప్ప, తను చుక్కాని పట్టగా మునిగిన ఆఖరి ఓడ గురించి అతని నోట మరో ముక్క ఎవరూ వినలేదు.

ఆ ఓడలో, ఊళ్ళో బట్టలు కుట్టే జువైనా పెద్దకొడుకు సనద్ కూడా పోయాడు. బంగారంలాంటి గొంతు వాడిది. తెరచాప ఎత్తేటప్పుడు పాడటానికి పనికొస్తాడని, మర్హూనే ఓడ పెద్ద అయిన నాఖోదాను బతిమాలి ఎక్కించాడు. వాడికదే మొదటి ప్రయాణం.

జాంజిబార్‌కు బయల్దేరిన కొద్దిరోజులకే ఎడారి గాలి లేచింది. ఆకాశం, సముద్రం ఒకటే బూడిద. తీరం లేదు, చుక్కలు లేవు. అలాంటప్పుడు ఓడవాడికి దిక్సూచే దిక్కు. పెట్టెలో, మొనదేలిన ములుకు మీద తిరిగే గుండ్రటి అట్ట అది. దాని అడుగున అయస్కాంతం. ఓడ ఎన్ని వంకలు తిరిగినా, అట్ట మాత్రం ఉత్తరానికే నిలబడుతుంది. దాని అంచున రాసి ఉండేవి చుక్కల పేర్లు: ఉత్తరానికి ధ్రువుడు, ఒక పక్కకు అగస్త్యుడు, ఇలా చుట్టూతా. పోవలసిన చుక్క పేరు ఓడ ముక్కుకు ఎదురుగా తప్పకుండా చూసుకోవడమే చుక్కానివాడి పని. మర్హూన్ రెప్ప వెయ్యకుండా అదే చేశాడు. ఓడ మాత్రం పోయి రాళ్ళకు కొట్టుకుంది.

తెల్లారేసరికి అతను ఆ దిక్సూచి పెట్టెనే పట్టుకుని నీళ్ళలో తేలుతున్నాడు. పెట్టె అడుగున చేతికి గుడ్డమూట తగిలింది. లోపల విరిగిన లంగరు కొన. పైన నీలిదారంతో కుట్లు. అవి జువైనా కుట్లని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

ఇనుమంటే జిన్నులకు హడల్ అని మా నమ్మకం. పసిబిడ్డ తలగడ కింద చాకు పెట్టని ఇల్లు మా దగ్గర లేదు. "ఓడ ప్రాణం ఎక్కడుంటుందో అక్కడ కట్టరా" అని తల్లి చెప్పి ఉంటుంది. ఏమీ తెలియని పిల్లాడు ఓడ ప్రాణం దిక్సూచే కదా అని అక్కడే కట్టాడు.

మర్హూన్ మూటను తెంచి నీళ్ళలో వదిలాడు. కళ్ళముందే అట్ట గిర్రున తిరిగి ఇంకోచోట నిలబడింది. భూమి మొత్తం ఉత్తరానికి లాగుతున్నా, పక్కనున్న చారెడు ఇనుమే దానికి దగ్గరి చుట్టమైంది. రాత్రంతా అతను అంత శ్రద్ధగా పట్టుకున్నది తప్పు దిక్కును. గొంతు చించుకుని ఏడ్చాడు గాని, వినడానికి ఓడవాళ్ళలో ఎవరూ మిగల్లేదు.

ఒడ్డు చేరగానే జువైనా ఎదురొచ్చింది.

"నా ఇనుము ఆఖరిదాకా ఓడలోనే ఉందా నాయనా?"

ఆ కళ్ళలోకి చూసి, ఆ ఇనుమే ఓడను దారి తప్పించిందని ఎలా చెబుతాడు? "ఉంది పెద్దమ్మా" అన్నాడు.

"అయితే ఇది జిన్నుల పని కాదు. చుక్కాని దగ్గర ఎవడో కునుకు తీశాడు!"

అంతే, ఆ మాట ఊరంతా పట్టుకుంది. మళ్ళీ అతని చేతికి చుక్కాని ఇచ్చినవాడు లేడు. "నిద్రపోయానని ఒప్పేసుకోవయ్యా, జనం క్షమిస్తారు" అని పెళ్ళాం రయ్యా ఏళ్ళ తరబడి పోరి, విసిగి, అన్నగారింటికి పోయింది. అతను ఒప్పుకోలేదు. ఉన్న ఒక్క నిజాన్నీ ఎలా వదులుకుంటాడు?

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. జువైనా చిన్నకొడుకు హిలాల్ ఓడెక్కే రోజు వచ్చింది. తల్లి వాడి చేతిలో ఏదో పెట్టడం దూది కూరుతున్న మర్హూన్ చూశాడు. గుడ్డ మీద నీలిదారం కనిపించింది. గుట్టుగా చెవిన వేద్దామంటే ఆ ఓడ నాఖోదా ఇంకా రేవుకు రాలేదు. హిలాల్ ఓడలోకి వెళ్ళి ఉత్తచేతులతో దిగాక, మర్హూన్ ఎక్కి, దిక్సూచి కింద తడిమి, మూట తెంచుకుని దిగుతుంటే తల్లీకొడుకులు పట్టుకున్నారు.

"దొంగ సచ్చినోడా! ఒకణ్ణి మింగింది చాలక రెండోవాడి కాపలా కూడా పీకేస్తావా? ఎందుకు తీశావురా?" జువైనా అతని చొక్కా పట్టుకుని కుదిపింది.

ఒక్క మాట చాలు. ఇనుము దిక్సూచి అట్టను తిప్పేస్తుందని చెబితే మచ్చ పోతుంది. కానీ ఆ వెంటనే ఆమె సనద్‌ను ఎవరు చంపారో తెలుసుకుంటుంది. చెప్పకుండా ఊరుకుంటే మూట మళ్ళీ అక్కడికే చేరుతుంది.

"ఇది ఉందన్న ధీమాతోనే ఆ రాత్రి కన్ను మూశాను పెద్దమ్మా" అన్నాడు మర్హూన్. "కాపలా ఉందిలే, నాకేం భయం అనుకున్నాను. ఈ ఓడ చుక్కానివాడికి ఆ ధీమా వద్దు. ఇది ఇంట్లోనే ఉంచుకో."

జువైనా చొక్కా వదిలేసింది. మూట లాక్కుని గుండెకు హత్తుకుంది.

"ఇన్నాళ్ళకు ఒప్పుకున్నావురా" అని అతని కాళ్ళ ముందు ఉమ్మింది. మూట తీసుకునే ఇంటికి పోయింది.

ఓడ కదిలింది. మర్హూన్ తిరిగొచ్చి దూది చేతిలోకి తీసుకున్నాడు. కాసేపటికే కబురు రేవంతా పాకింది.

"ఏం కునుకు మర్హూన్, నిజమేనటగా?" అని చేపలవాడు కేకేశాడు.

నేను నిద్రపోలేదు అనడానికి అలవాటుగా నోరు తెరిచాడు మర్హూన్. తెరిచి, "ఆఁ" అన్నాడు.