పిప్పరమెంటు నూనె

కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే బస్సులో నా పక్కనున్న పెద్దావిడ చిన్న సీసా మూత తీసి, వాసన చూసి, మళ్లీ బిగించింది. పిప్పరమెంటు వాసన.

"జుట్టుకా అక్కా? నాకూ ఊడుతోంది."

"కొబ్బరినూనెలో రెండు చుక్కలే కలపల్ల. ఉత్తదే పూస్తే మండుతాది. ఆస్పత్రి మందులకు మా పాప జుట్టంతా ఊడిపాయ. ఇది పూస్తే శానా సల్లగా ఉండాదనేది. గోరంత మొలిచినాది కూడా. జడకొచ్చేదాకా పూస్తాలే అంటి."

అడగకుండానే నా జడ విప్పి, సీసాలో కలిపి తెచ్చుకున్న నూనె రాయసాగింది. మాడు చల్లబడింది.

"పాప ఇంట్లో ఉందా?"

వేళ్లు ఆగాయి.

"ల్యాదమ్మా. పోయిన నెల పాయ. మిగిలిన నూనె యాడ పారబోసేది?"

ఆత్మకూరు వచ్చేదాకా ఆమె నా జడ అల్లింది. కొసదాకా అల్లడం, విప్పేయడం, మళ్లీ మొదటినుంచి అల్లడం.