తీగ కాసిన కబురు

తడిసిన ఇసుక వాసన, ద్రాక్షపళ్ల వాసన ఒక్కసారే తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నిన్న నెల్లూరు బజారులో నల్లద్రాక్ష తోపుడుబండి దగ్గర నిలబడి ఉండగా నాలుగు చినుకులు పడ్డాయి. అంతే, ఇన్నేళ్ల తర్వాత మా పిన్నమ్మ పక్కన వచ్చి నిలబడినట్టయింది.

అరవైలలో మా ఇల్లు ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు, ఇసుక దిబ్బ మీద ఉండేది. ఎండాకాలం ఆ ఇసుకలో గెంతుతూ నడిచేవాళ్లం. కూరలో ఉప్పు తగ్గినా గాలే సరిపెడుతుందని మా జేజి, అంటే నాన్నమ్మ, ఎకసెక్కమాడేది. ఆ ఇంటికి పిన్నమ్మ ఉదయగిరి పక్క మెట్ట ఊరి నుంచి కోడలుగా వస్తూ, సారెతో పాటు గంపెడు ఎర్రమట్టిలో గుచ్చిన ద్రాక్షకొమ్మ తెచ్చుకుంది. ఇచ్చింది వాళ్ల నాన్న. "తీగ కాసినాక కబురంపు, వచ్చి తిని పోతా" అన్నాడట.

ఆ కబురు కోసమే ఆమె తీగను చంటిబిడ్డలా సాకింది. పొద్దున బిందె, సాయంత్రం బిందె పోసేది, ఉప్పుగాలికి అంచులు మాడిన ఆకులను తడిగుడ్డతో తుడిచేది, పందిరి కింద గవ్వలాడే మా మెడల మీద ఆ చుక్కలు చల్లగా పడేవి. గుత్తులైతే దిగాయి గాని, ఉగాది పచ్చడిలో చింతపండు అక్కర్లేదనేంత పులుపు.

"ఉప్పుగాలికి తీపి నిలస్తదా, పిచ్చిదానా" అనేది జేజి.

పిన్నమ్మ నవ్వేది. పుల్లటి పండు తినడానికి నాన్నను అంత దూరం ఎట్లా రమ్మంటుంది? మరుసటేడు ఇంకో బిందె ఎక్కువ పోసింది.

ఒక కార్తీకంలో ముసురు పట్టి వదలనప్పుడు ఆమెకు విషజ్వరం వచ్చింది. వాగులు పొంగి బండ్లు నడవని రోజుల్లోనే పోయింది. వాళ్ల నాన్నకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి.

తర్వాత ఆ తీగకు ఎవరూ నీళ్లు పోయలేదు. ఎండలకు ఇసుక పేలాలు వేపే మంగలంలా కాగింది, ఆకులు సగం రాలాయి, చచ్చిందనే అనుకున్నాం. చైత్రం చివర్లో చూస్తే చిన్నచిన్న గుత్తులు, నల్లగా. జేజి ఒక పండు నోట్లో వేసుకుంది. బెల్లమంత తీపి.

"అది వచ్చింది ఇంటికి" అంది.

ఆ మాట విన్నాక సందెవేళ పందిరి కిందికి పోవాలంటే పిల్లలందరికీ భయమే. తీగ కాసిందన్న కబురు చివరికి జేజే పంపించింది.

పిన్నమ్మ నాన్న వచ్చాడు. పండు తిన్నాడు, తీగ మొదట్లో ఇసుక పిడికిట పట్టి జారవిడిచాడు. పిన్నమ్మ రోజూ బిందెలతో నీళ్లు పోసిన సంగతి జేజి చెప్పింది. ఆయన జేజి వైపు తిరిగాడు.

"పండే కాలంలో దీనికి నీళ్లు తగ్గించాలమ్మా. ఆ మాట బిడ్డకు నేను చెప్పలా. మా ఊళ్లో పొయ్యడానికి నీళ్లేడివి, చెప్పాలని తోచడానికి?"

ఇప్పుడు ఆ దిబ్బ లేదు, చదును చేసి రొయ్యల గుంటలు తవ్వారు. పిన్నమ్మ బిందెలు నింపిన తియ్యటి నీళ్ల బావి ఉప్పయింది. గంపెడు ఎర్రమట్టి ఏ గుంట అడుగున కలిసిందో తెలియదు.

నిన్న కొన్న ద్రాక్షను కడుగుదామని కొళాయి తిప్పాను. నీళ్లు గిన్నెలో పడుతుంటే తీగ మొదట్లో బిందె వంచిన చప్పుడే.

"ఇంక చాల్లే పిన్నమ్మా" అని కొళాయి కట్టేశాను.