గుంపునంతా దవాఖానకు నడిపిన కుర్మన్న మేస్త్రీ

గడచిన ఆదివారం ఉదయం అమరచింతలో కుర్మన్న మేస్త్రీ గుండె ఆగి పరమపదించారు. ఆ వార్త విన్న క్షణాన నన్ను ఆవరించినది దుఃఖం కాదు, భయం. ఆయన మాట మీద మాత్రమే మందులు మింగుతున్న యువకుడొకడు ఇటుక బట్టీలో ఉన్నాడు. ఒడిశా నుంచి వలస వచ్చినవాడు. అతని పేరు తెలిసినా రాయను.

దవాఖానలో మందులిచ్చే ఉద్యోగం చేసి విరమణ పొందిన నాకు రుజువు లేని మాట రాయడం అలవాటు లేదు. కుర్మన్న జన్మతేదీ ఏ కాగితంలోనూ దొరకలేదు గనుక వయస్సు పేర్కొనడం లేదు. యౌవనంలో పాలమూరు కూలీల గుంపుతో ఒడిశాలో ఆనకట్ట పనికి వెళ్లి, అక్కడి భాష నేర్చుకున్నారన్నది ఆయన నోటనే విన్నాను. ఇంకా ఆ భాష రాని రోజుల్లోనే, వెంట వెళ్లిన ఆయన తమ్ముడు క్రమంగా మౌనంలోకి జారిపోయాడు. ఎవరో పిలుస్తున్నారని చెవులు మూసుకునేవాడట.

"దవాఖాన ఉండె, డాక్టరుండె. మావోడు చెప్పేది ఆయనకు తెల్వకపాయె, ఆయన అడిగేది మాకు తెల్వకపాయె," అన్నారొకసారి. ఒకనాడు పనికని బయలుదేరిన తమ్ముడు మళ్లీ కనిపించలేదు.

అందుకే వార్ధక్యంలో ఆయన బట్టీల వెంట తిరిగారు. వలస యువకులతో వారి భాషలో పరిహాసాలాడేవారు. "తిననోని గురించి అంత రంది లేదు సార్. నవ్వులాటకు జవాబియ్యనోణ్ణి చూస్తెనే నాకు భయమైతది," అనేవారు. ఈ యువకుణ్ణి గుర్తించినదీ అలాగే.

ఒంటరిగా పంపితే పిచ్చివాడన్న ముద్ర పడుతుంది. మరుసటి ఏడు ఏ గుంపూ వెంట తీసుకురాదు. కుర్మన్న యజమానిని ఒప్పించి, గుంపునంతా ఆటోల్లో ఎక్కించి దవాఖానకు తెచ్చారు. నేనూ వెంట ఉన్నాను. "ఏంది పెద్దాయనా, పెండ్లికి తోలుకొచ్చినట్టు తెచ్చినవ్?" అని అక్కడి నర్సు అడిగితే, "పిల్ల దొరికితే ఈడనే చేద్దం తల్లీ," అన్నారు. ఆ మాట ఒడియాలో చెప్పగానే అందరూ నవ్వారు, ఆ ఒక్కడు తప్ప. అందరికీ రక్తపోటు చూశారు. మానసిక వైద్యురాలి గదిలోకి ఒక్కొక్కరే వెళ్లి వచ్చారు, మాట అటూ ఇటూ చెప్పడానికి కుర్మన్న లోపలే ఉన్నారు. ఎవరికి ఏ మందు ఇచ్చారో గుంపుకు తెలియలేదు.

లోపల ఏమి జరిగిందో చూడలేదు గనుక రాయను. బయటికి వచ్చిన కుర్మన్న నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. "ఈ పిలగాడు చెప్పేది మా తమ్ముడు చెప్పిన మాటనే సార్," అన్నారు.

కొన్ని నెలలకు, ముసలాయన ఒడియా వింటే మేకలు కూడా నవ్వుతాయని ఆ యువకుడు కుర్మన్ననే ఎగతాళి చేశాడట. అది నాకు చెబుతూ కుర్మన్న కళ్లు తుడుచుకున్నారు.

అంత్యక్రియల మరునాడు బట్టీకి వెళ్లాను. గుంపునంతా మళ్లీ దవాఖానకు పంపమని యజమానిని అర్థించాను.

"అందరు పోతె ఇటుకలు మీరు కోస్తరా సార్? రోగమెవలికో చెప్పురి, ఆ ఒక్కణ్ణి పంపుత."

పని ఆపి నిలబడిన వారిలో అతడు నా వైపే చూస్తున్నాడు. అతనితో ఒక్క మాట చెప్పడానికి నాకు ఆ భాష రాదు. కుర్మన్న స్థానం ఎంతటిదో అక్కడ, ఆ ఇటుకల నడుమ నాకు బోధపడింది.

రోగం ఎవరికో నాకు తెలియదని యజమానితో చెప్పి వచ్చాను. ఆ యువకుని దగ్గరున్న మాత్రలు వచ్చే గురువారంతో అయిపోతాయని మాత్రం తెలుసు.