అమ్మన్నకు దక్కిన రాజు వేషం

మా రైల్వే కాలనీలో అమ్మన్న గొంతు ఎరగని తెలుగు ఇల్లు లేదు. ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో అతను సీనియర్ టెక్నీషియన్. ఇంజను కింద గోతిలో నిలబడి బోల్టులు బిగిస్తూ పద్యం ఎత్తుకుంటే, పక్క లైనులో ఛత్తీస్‌గఢీ పనివాళ్లు కూడా చేతిలో పని ఆపి వినేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా "ఏక్ ఔర్, భయ్యా" అంటూ ఇంకొకటి పాడమనేవారు.

పలాస వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చిన మా తాతలు ఒక పద్యనాటకం రాతప్రతి వెంట తెచ్చుకున్నారు. చక్రవర్తి కావాలన్న పంతంతో సొంత తమ్ముణ్ణి కోటగోడలో నిలబెట్టి చుట్టూ రాళ్లు కట్టించేసిన రాజు కథ అది. ఏటా ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆడేవాళ్లం. నాది ద్వారపాలకుడి వేషం, రెండే మాటలు. ఈ కాలం పిల్లలకు తెలుగు చదవడం రాదు కనుక వాళ్ల పద్యాలు హిందీ అక్షరాల్లో రాసిచ్చేవాళ్లం.

పద్దెనిమిదేళ్లపాటు తమ్ముడి వేషం అమ్మన్నది, రాజు వేషం ఆదినారాయణది. ఆదినారాయణ గూడ్సు బళ్లు నడిపే లోకో పైలట్. అమ్మన్న భార్య సౌభాగ్యకు సొంత అన్న. రెండు క్వార్టర్లకూ మధ్య ఒక జామచెట్టే అడ్డం. ఒక ఇంట్లో చేపల పులుసు కాస్తే రెండో ఇంట్లో కూర వండేవారు కాదు.

నిరుడు విజయనగరంలో జరిగే పద్యనాటక పోటీకి మా నాటక సమాజానికి పిలుపు వచ్చింది. మా చరిత్రలో అదే మొదటిసారి. ఉత్తరం వచ్చిన రోజే అమ్మన్న పోలయ్య దగ్గరికి వెళ్లాడు. పోలయ్య హార్మోనియం వాయిస్తాడు, వేషాలు పంచేదీ ఆయనే. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మావా, ఈ ఒక్కసారికి రాజు నాకియ్యి."

"నీ గొంతు బాగుంతాది, కాదన్ను. గానీ ఆ వేషం ఆదినారాయణది."

"పద్దెనిమిదేళ్లుగా స్టేజీ మీద నానే సచ్చిపోతన్నాను. సప్పట్లు మాత్రం బావకి."

పోలయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మన్న నవ్వలేదని చాలా రోజుల తర్వాత గాని నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఏం చేశాడో అతను తన నోటితో చెప్పాకే తెలిసింది. రాజు పద్యాలన్నీ కంఠతా పట్టేశాడు. "అవి మీయి కావు గదా" అని సౌభాగ్య అడిగితే "వచ్చి ఉంటే మంచిదే" అనేవాడట. పోటీకి తొమ్మిది రోజులుందనగా ఆదినారాయణకు గొంతు పట్టేసింది. అమ్మన్న దయాల్‌బంద్ బజారుకు వెళ్లి ఆయుర్వేదం దుకాణంలో ఒక అరిష్టం కొన్నాడు. పులియబెట్టి చేసే మందు కనుక అందులో కొంత సారా ఉంటుంది. డ్యూటీకి ముందు అలాంటివి తాగకూడదని డ్రైవర్లకు పదేపదే చెబుతారు. అందుకని అమ్మన్న దాన్ని మామూలు సీసాలో పోసి, మిరియాల పొడీ తేనే కలిపాడు. చాలదేమోనని కాస్త రమ్ము కూడా పోశాడు. ఆదినారాయణ జన్మలో సారా ముట్టినవాడు కాదు, ఆ రుచీ తెలియదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆదినారాయణ బూట్లు వేసుకుంటుంటే గ్లాసు అందించాడు.

"ఏటిది?"

"కషాయం, బావా. గొంతుకి మంచిది. మా యమ్మ సేసీది."

ఘాటుగా ఉందంటూనే ఆదినారాయణ గుక్క తిప్పుకోకుండా తాగాడు. "పోటీ నాటికి నయమైపోద్దేటి?" అని అడిగి, బాక్సు పట్టుకుని వెళ్లిపోయాడు.

డ్యూటీ ఎక్కేముందు ప్రతి డ్రైవరూ హాజరు వేయించుకునే లాబీలో ఒక యంత్రంలోకి ఊదాలి. తాగి ఉంటే అది కూస్తుంది. ఆదినారాయణ ఊదగానే కూసింది. అక్కడున్నవాళ్లు యంత్రం చెడిపోయిందనుకుని ఇంకోటి తెచ్చారు. అదీ కూసింది. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి. మధ్యాహ్నానికల్లా సస్పెన్షన్ కాగితం చేతికిచ్చారు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. అమ్మన్నకు కావలసింది అదే.

కాలనీ అంతా ఆదినారాయణ ఇంటికి చేరింది. నేను వెళ్లేసరికి ఆదినారాయణ యూనిఫాం విప్పకుండా మంచం అంచున కూర్చుని ఉన్నాడు. సౌభాగ్య నేల మీద కూర్చుని ఆయన మోకాలు పట్టుకుంది. "నాను తాగనేదే" అని ఆయన ఎవరితోనో అంటున్నట్టు అంటున్నాడు. సాయంత్రానికి ఆ మాట కూడా మానేశాడు.

రాజు పద్యాలన్నీ వచ్చినవాడు ఇంకెవరూ లేక ఆ వేషం అమ్మన్నకు వచ్చింది, తమ్ముడి వేషం ఇంకొకరు కట్టారు. విజయనగరంలో అతను ఆడిన తీరు ఎలా చెప్పను. తమ్ముడి ముఖానికి అడ్డంగా చివరి రాయి పెట్టించే ఘట్టంలో, పక్కనే ఈటె పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్లు జలదరించింది. ఉత్తమ నటుడి బహుమతి అతనికే ఇచ్చారు.

బిలాస్‌పూర్‌లో రైలు దిగేసరికి సౌభాగ్య ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. బహుమతి వంక చూడలేదు.

"అన్నియ్య ఇచారణలో రాసిచ్చీసేడు. నానే తాగేను, ఎవులూ పొయ్యనేదు అని."

అమ్మన్న అక్కడే ఆగిపోయాడు. యంత్రం తప్పని ఆదినారాయణ వాదిస్తాడు, కొన్నాళ్లకు కేసు తేలిపోతుంది, మళ్లీ బండెక్కుతాడు అనుకున్నాడట. సంచి నా చేతిలో పెట్టి నేరుగా బావ ఇంటికి వెళ్లాడు.

"అలా ఎందుకు రాసేవు, బావా?"

"కూకో" అన్నాడు ఆదినారాయణ. "గ్లాసులో అడుగున మిగిలింది ఆరోజే వాసన సూసేను."

అమ్మన్న కూర్చోలేదు.

"నీ పేరు సెప్తే నీ ఉద్యోగం పోద్ది. నా సెల్లి ఏటైపోద్ది? నాకు ఏడాది సర్వీసే ఉంది, పోనీ అనుకున్నాను." చివరికి, "వేషం నన్నడిగితే ఇచ్చీసీవోణ్ణి గదా, అమ్మన్నా" అన్నాడు.

వెనకాలే వచ్చిన సౌభాగ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమె ఏడవలేదు. మొగుణ్ణి ఎప్పుడూ చూడనట్టు పైనుంచి కిందకి చూసి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయింది.

మూడు రోజులు అమ్మన్న షెడ్డుకు రాలేదు. నాలుగో రోజు ఆఫీసుకు వెళ్లి జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు. అధికారి చదివి కాగితం పక్కన పెట్టేశాడు. సీసా లేదు, అవతలివాడు ఒప్పుకుని సంతకం పెట్టాడు, ఇతనేమో అతని చెల్లెలి మొగుడు. బంధువును కాపాడుకోవడానికి తిప్పలు పడుతున్నాడనుకున్నారు. ఆ మాట కాలనీకి పాకింది. మేమూ అలాగే అనుకున్నాం. బహుమతి తెచ్చినందుకు, బావ నిందను తన మీద వేసుకోబోయినందుకు, అమ్మన్నకు సన్మానం చేద్దామని పోలయ్య అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. ఆదినారాయణను ముందు వరసలో కూర్చోబెట్టాం. అమ్మన్న మైకు పట్టుకుని దయాల్‌బంద్ దుకాణం నుంచి గ్లాసు దాకా అన్నీ చెప్పాడు. ముందు వరసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. పోలయ్య శాలువా తీసుకుని లేచి, "సూసేరా, బావ కోసం ఎంత మచ్చ నెత్తినేసుకుంతన్నాడో" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

"నిజిం సెప్తన్నాను" అన్నాడు అమ్మన్న. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది.

అప్పుడు వెనక వరసలోంచి సౌభాగ్య లేచింది.

"సప్పట్లు ఆపండి. ఆయన సెప్పింది నిజిం. మా అన్నియ్య నోటంటే ఇన్నాను."

పోలయ్య శాలువా పట్టుకున్న చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. అందరం ఆదినారాయణ వైపు తిరిగాం. కాదంటాడని చూశాం. ఆయన తల వంచుకున్నాడే గాని కాదనలేదు. పద్దెనిమిదేళ్లు పక్కన నిలబడిన మనిషిని ఎరగనే ఎరగనని నాకు అప్పుడు తెలిసింది.

సౌభాగ్య వాంగ్మూలంతో కేసు తిరగదోడారు. అమ్మన్న ఉద్యోగం పోయింది. ఆదినారాయణ తాగలేదని తేలింది గాని, అబద్ధం రాసిచ్చినందుకు లైను బళ్ల నుంచి తప్పించి యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటింగ్ ఇంజనుకు వేశారు. సౌభాగ్య అన్న ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మేము నాటకం ఆడలేదు.

అమ్మన్న ఇప్పుడు ఊళ్లోనే వ్యాపార్ విహార్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు గోదాము దగ్గర లారీల సరుకు దింపిస్తున్నాడు. పోయిన వారం కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. టీ తాగుదాం రమ్మంటే వచ్చాడు.

"బావ రిటైరుమెంటు ఎప్పుడు?" అని అడిగాడు.

"వచ్చే నెల."

"సభ పెడతారేటి?"

"పెడతాం."

రమ్మందామని నోటిదాకా వచ్చింది. ఆ సభలో ఎదురుగా సౌభాగ్య కూర్చుని ఉంటుందని గుర్తొచ్చి ఊరుకున్నాను. అతనూ అడగలేదు. సగం టీ వదిలేసి, లారీ వచ్చిందంటూ లేచి వెళ్లిపోయాడు.